చిలుకమ్మ తీసిన మరకలు

కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఏ పిల్ల స్కూలు అంగి మీదనైనా గ్రీజు మరక పడిందంటే, తల్లి ముందు నోరారా తిట్టేది. తర్వాత వీపు మీద ఒకటి ఇచ్చేది. ఆ తర్వాత అంగిని ఉండ చుట్టి చేతికిచ్చి, "పో, చిలుకమ్మ అత్తకు చూపించుకొని రా" అనేది. పిల్ల ముక్కు ఎగబీల్చుకుంటూ వచ్చి చిలుకమ్మ గుమ్మంలో నిలబడేది. చిలుకమ్మ పిల్లను చూసేది కాదు, అంగిని చూసేది. ఉండ విప్పుతూ ఒకటే మాట అడిగేది.

"నీళ్ళల్ల ముంచిండ్రా?"

ముంచలేదంటే ఆమె మొహం విచ్చుకునేది, పిల్లకు బెల్లం ముక్క కూడా దొరికేది. ముంచారని తెలిసిందా, ఇక ఆ తల్లి పని అయిపోయినట్టే. "మీ అమ్మ చేతులకు అంత దురదేందే? గ్రీజు పడ్డ బట్ట కనవడంగనే బకెట్ల ఏసుడేనా? ముందుగాల నన్ను అడగరాదు?" అని వరస మొత్తం వినిపించేటట్టు అందుకునేది. ఆ తల్లి తన గుమ్మంలో నిలబడి అంతా వింటూ కూడా నోరు మెదిపేది కాదు. తెల్లారితే ప్రార్థన గంటకు అంగి తెల్లగా ఉండాలి మరి. ఆ అంగి ఇప్పుడు చిలుకమ్మ చేతిలో ఉంది.

మనిషికి ముక్కు మీద కోపం. భర్త మీద, పాలవాడి మీద, గాలి మీద, ఎండ మీద అన్నిటి మీదా కోపమే. మరక ముందు కూచుంటే మాత్రం ఆ కోపమంతా ఎటు పోయేదో తెలియదు. చంటిపిల్ల కంట్లో నలుసు తీస్తున్నంత నెమ్మదిగా తీసేది. ఈ ఓపిక ఆమెకు పుట్టుకతో రాలేదు. ఒక అంగిని చేజేతులా పాడు చేసుకున్నాక వచ్చింది.

ఆమెది పాలకుర్తి దగ్గర పల్లె, వ్యవసాయం ఇల్లు. డెబ్బై ఒకటో సంవత్సరంలో రైలు ఎంజన్లు బాగుచేసే లోకో షెడ్డులో ఖలాసీ రాయమల్లును చేసుకొని కాజీపేటకు కాపురానికి వచ్చింది. వచ్చేటప్పుడు తల్లి ఆమె ట్రంకుపెట్టెలో చీరల కింద ఒక మూట పెట్టింది. పసుపో కుంకుమో అనుకునేరు. చౌడు మట్టి! వాళ్ళ ఊళ్ళో చెలక పక్కన తెల్లగా పొంగే చౌడును ఎత్తి, జల్లించి, ఆరబెట్టి కట్టిన మూట. "పట్నంల సబ్బులను నమ్మకు బిడ్డా. బట్ట ఎంత మాస్తే అంత ఉడకబెట్టు" అని చెప్పి పంపింది ఆ తల్లి.

ఆ మాటలో తప్పేమీ లేదు. ఎర్రమట్టి మరకలు, చెమట జిడ్డు, చింతపులుసు చారలు, ఆ ఊళ్ళో బట్టకు అంటేవన్నీ చౌడునీళ్ళలో కుతకుత ఉడికితే దిగొచ్చేవే. గ్రీజు అనే పదార్థం ఒకటి ఈ భూమ్మీద ఉందని ఆ తల్లికి తెలియదు, అంతే.

కాజీపేటకు వచ్చాక చిలుకమ్మ చాలా నేర్చుకుంది. ఎంజన్ల పొగ ఎటు పోతోందో చూసి మరీ బట్టలు ఆరేయడం నేర్చుకుంది. షెడ్డు సైరన్‌ను బట్టి అన్నం దించడం నేర్చుకుంది. రాయమల్లు షెడ్డు బట్టలను వేరే బకెట్‌లో, అన్ని బట్టలూ అయ్యాక మిగిలిన సబ్బునీళ్ళలో జాడించి పడేయడం నేర్చుకుంది. వాటిని తెల్లగా చెయ్యాలని ఆ క్వార్టర్లలో ఏ ఇల్లాలూ అనుకోదు. ఉతికినా నల్లగానే ఉంటాయి, ఆరినా నల్లగానే ఉంటాయి, మళ్ళీ మర్నాడు నలుపులోకే పోతాయి. చెమట వాసన పోతే చాలు.

రాయమల్లు నోట్లో నాలుక లేని మనిషి. రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే అందులో మూడు "ఆఁ" అనేవే. అలాంటివాడికి కూతురు కళావతి పుట్టాక ఎక్కడినుంచి వచ్చాయో మాటలు! షెడ్డులో ఏ ఎంజన్ ఎట్లా దగ్గిందో, ఏది మొండికేసిందో ఆ పసిదానికి కథలుగా చెప్పేవాడు. ఆ తర్వాత వాళ్ళకు కాన్పులు నిలవలేదు. ఒక్కతే బిడ్డ, ఆ బిడ్డ మీదే ప్రాణం.

కళావతి బడికి పోయే వయసు వచ్చింది. తెల్ల అంగి, నీలం లంగా, రెండు జడలు. రాయమల్లు నైట్ డ్యూటీ దిగి సైకిల్ మీద ఇంటికి వచ్చే వేళకు పిల్ల బడికి బయల్దేరేది. ఆయన సైకిల్ దిగకుండానే ఒక కాలు నేలకు ఆన్చి, పిల్లను వీపు మీద చెయ్యి వేసి ఎత్తి, ముందు కడ్డీ మీద కూచోబెట్టుకొని బడి దాకా దింపి వచ్చేవాడు. ఆ పది నిమిషాల కోసమే ఆయన రాత్రంతా షెడ్డులో నిలబడేవాడని చిలుకమ్మ అనేది. అది నవ్వులాటకు అన్న మాటే అయినా నిజమే.

చేతులు కడుక్కోక కాదు. షెడ్డులో అందరిలాగే ఆయన కూడా కిరోసిన్ పోసుకొని, రంపపు పొట్టుతో రుద్ది రుద్ది కడుక్కొనే వచ్చేవాడు. కానీ గోళ్ళ సందుల్లో, అరచేతి గీతల్లో దాక్కున్న గ్రీజు ఎక్కడికి పోతుంది? సైకిల్ హ్యాండిల్ మీద ఉన్నది ఎక్కడికి పోతుంది?

ఒకనాడు కళావతి బడినుంచి ఏడుస్తూ వచ్చింది. పలక మంచం మీద పారేసి, గోడకు వీపు ఆనించి నిలబడి, తిరగమన్నా తిరగలేదు.

"ఏమైందే? ఎవలన్న కొట్టిండ్రా?"

"అందరు నవ్విండ్రు" అంది పిల్ల వెక్కుతూ. "నా ఈపు మీద చెయ్యి ఉన్నదంట. డ్రిల్లు సారు నన్ను లైను ఆఖరుకు పంపిండు. మాసిన బట్టలోల్లు ఎనక నిలవడాలె అన్నడు."

చిలుకమ్మ పిల్లను భుజం పట్టుకొని తిప్పింది. తెల్ల అంగి వీపు మీద ఐదు వేళ్ళూ అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. రాయమల్లు చెయ్యే. చిటికెన వేలు కొంచెం వంకరగా ఉంటుంది, ఆ వంకర కూడా తెలుస్తోంది.

"బాపుకు చెప్పు, నన్ను ఇగ ముట్టుకోవద్దని" అంది కళావతి.

ఏడేళ్ళు నిండని పిల్ల. దానికేం తెలుసు? కానీ లోపల మంచం మీద రాయమల్లు మేలుకొనే ఉన్నాడు. చిలుకమ్మ తొంగి చూసేసరికి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోతున్నాడనే అనుకుంది.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఆ డ్రిల్లు సారును నాలుగు దులపాలని బయల్దేరబోయి, ఈ వేళప్పుడు బడి మూసి ఉంటుందని గుర్తొచ్చి ఆగిపోయింది. కోపమంతా అంగి మీదికి మళ్ళింది. నీ సంగతి చూస్తానుండు అని పెద్ద గంజు పొయ్యి మీదికి ఎక్కించింది. తల్లి ఇచ్చిన మూట విప్పి దోసెడు కాదు, రెండు దోసిళ్ళ చౌడు పోసింది. అంగిని అందులో వేసి చీకటి పడేదాకా ఉడకబెట్టింది. కట్టెతో గుచ్చి గుచ్చి తిప్పింది.

పాపం, ఊళ్ళో అయితే అది మెచ్చుకోవలసిన పనే. ఇక్కడ మాత్రం వేడికి గ్రీజు కరిగి నూలు పోగుపోగులోకి దిగిపోయింది. పొద్దున్నే చూస్తే అంగి అంతా బూడిదరంగు తిరిగింది, ఐదు వేళ్ళు మాత్రం గోధుమరంగులో పచ్చబొట్టులాగ నిలిచిపోయాయి. ఇక ఆ మరక దేవుడొచ్చినా పోదు. ఆమె రెండు రోజులు ఎండకేసి, బండకేసి బాది, చేతులు పుళ్ళు చేసుకొని, చివరికి చేసేదేం లేక ఆ అంగిని చింపి మసిగుడ్డ చేసింది. మంచి దళసరి గుడ్డ. పొయ్యి మీది గిన్నెలు దించుకోవడానికి పనికొస్తుందని వంటింట్లో మేకుకు తగిలించింది.

ఆ మేకు ఎక్కడుందంటే, రాయమల్లు పీట వేసుకొని అన్నానికి కూచునే చోటికి సరిగ్గా ఎదురుగా. ఆ సంగతి ఆమెకు తట్టనే లేదు.

పక్క క్వార్టర్ మొగిలమ్మ ఆ మసిగుడ్డను చూసి నోరు నొక్కుకుంది. మొగిలమ్మ భర్త డ్రైవరు, ఆమె కాజీపేటకు వచ్చి చాలా కాలమైంది. చిలుకమ్మకు అక్కలాంటిది.

"ఏమే పిల్లా, గ్రీజు బట్టను ఉడకబెడ్తరానే ఎవలన్న? అన్నం అనుకున్నవా?"

"మా ఊర్ల గట్లనే చేస్తరక్కా."

"మీ ఊర్ల ఎంజన్లున్నయా?" అని మొగిలమ్మ పొట్ట పట్టుకొని నవ్వింది. తర్వాత జాలిపడి, కూచోబెట్టి చెప్పింది. "చూడు, గ్రీజంటే నూనె. నీళ్ళను చూస్తే అది ఇంక లోపటికి పోయి కూసుంటది. ముందుగాల గ్యాస్ నూనెతోని దాన్ని కదిలియ్యాలె. కదిలినంక సబ్బు. సబ్బు అయినంక నీళ్ళు. ఉడుకు నీళ్ళు ఆఖరుకు."

ఆ రోజుల్లో దీపాల్లో పోసే కిరోసిన్‌ను వాళ్ళంతా గ్యాస్ నూనె అనేవారు. మొగిలమ్మ చెప్పింది ఇంతే. మిగతాదంతా చిలుకమ్మ సొంతంగా పట్టుకుంది. రాయమల్లు షెడ్డునుంచి తెచ్చిన గుడ్డపీలికలకు గ్రీజు రాసి, వాటిమీద ప్రయోగాలు చేసింది. మరక మీద ముందు పొడి ముగ్గుపిండి చల్లి ఒక పూట వదిలేస్తే పైపై జిడ్డును అదే తాగేస్తుందని తెలుసుకుంది. గరిటె వెనక వైపుతో గీకి పిండి దులపాలి. అడుగున పాతగుడ్డ మడత పెట్టి, కిరోసిన్ ముంచిన గుడ్డతో మరకను అద్దాలి. రుద్దితే పాకుతుంది. అంచుల నుంచి నడుమకు రావాలి, నడుమ నుంచి అంచులకు పోయావా, రూపాయంత మరక పళ్ళెమంత అవుతుంది. అడుగు గుడ్డ నల్లబడ్డప్పుడల్లా జరపాలి. ఆ తర్వాత కుంకుడు పులుసు, ఆ తర్వాత బట్టసబ్బు, ఆ తర్వాతే గోరువెచ్చని నీళ్ళు. కిరోసిన్ వాసన పోవడానికి నిమ్మ తొక్కలు నానేసిన నీళ్ళలో ఆఖరి జాడింపు. మరక పూర్తిగా పోయిందని వెలుతురులో చూసుకునేదాకా ఇస్త్రీ పెట్టె ఆ బట్ట దరిదాపులకు రాకూడదు.

ఇదంతా ఆమె ఎందుకు నేర్చుకుందో చెప్పాలి. క్వార్టర్లలో పేరు కోసం కాదు, అది తర్వాత దానంతటది వచ్చింది. బిడ్డ మళ్ళీ బాపు సైకిలెక్కాలని నేర్చుకుంది. పట్టు దొరికిన రోజున కళావతిని పిలిచి, "ఇగ ఫికర్ లేదు బిడ్డా. మీ బాపు ఎంత ముట్టుకుంటే అంత ముట్టుకోనియ్యి. తీసేటందుకు నేనున్న" అని చెప్పింది.

పిల్ల అప్పటికే ఆ అవమానాన్ని మర్చిపోయి వారమైంది. పిల్లలకు అంతే కదా! అన్నాళ్ళూ పగటి డ్యూటీ చేసిన రాయమల్లు మర్నాడు పొద్దున నైట్ డ్యూటీ దిగి వచ్చాడు. సైకిల్ బెల్లు వినపడగానే పిల్ల ఎప్పటిలాగే "బాపూ" అంటూ ఉరికింది. రాయమల్లు కాలు నేలకు ఆన్చి ఆగాడు. పిల్ల చేతులు చాపింది. ఆయన సైకిల్ దిగి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకొని ఒక అడుగు వెనక్కి జరిగాడు.

"నడుసుకుంట పో బిడ్డా. దోస్తులతోని పో" అన్నాడు.

చిలుకమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. ఈ రోజుకు అలసిపోయాడేమో అనుకుంది. మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. పిల్ల రెండు నెలలు చేతులు చాపి చూసింది, తర్వాత మానేసింది.

చిలుకమ్మ తిట్టి చూసింది. "బిడ్డను దగ్గరికి తీసుకోవేందయ్యా? రాయి లెక్క నిలవడుతవ్?" అంటే "ఆఁ" అనేవాడు. అంతకుమించి ఏం రాబట్టినా లాభం లేదు. ఆడపిల్ల పెరుగుతుంటే తండ్రులు దూరం జరుగుతారు కాబోలు, మా నాయిన కూడా అంతే కదా అని తనకు తానే చెప్పుకునేది. కానీ నమ్మబుద్ధయ్యేది కాదు. ఎందుకంటే ఆయన ప్రేమ ఏం తగ్గలేదు. జామపండ్లు తెచ్చేవాడు, కానీ పిల్ల చేతికివ్వకుండా గూట్లో పెట్టేవాడు. పిల్లకు జ్వరమొస్తే దవాఖానా దాకా వెంట నడిచేవాడు, కానీ ఎత్తుకునేది చిలుకమ్మే. రాత్రిళ్ళు పిల్ల నిద్రపోయాక మంచం పక్కన కూచొని చూసేవాడు, చేతులు మోకాళ్ళ సందున ఇరికించుకొని.

ఆ చెయ్యి ఒక్కసారి మళ్ళీ బిడ్డ మీద పడితే చూడాలని ఉండేది ఆమెకు. ఇంతకంటే పెద్ద కోరిక ఆమెకు ఏదీ లేదు.

ఏళ్ళు గడిచాయి. రాయమల్లు ఫిట్టరయ్యాడు. మసిగుడ్డ వాడి వాడి పీలికలై పొయ్యిలోకి పోయింది. చిలుకమ్మ పేరు మాత్రం క్వార్టర్లు దాటి పోయింది. సైకిల్ చైనులో పడ్డ లంగా అంచులు, బండి ఇరుసుకు రాసుకున్న లాగులు, తండ్రికి డబ్బాలో అన్నం మోసుకుపోయి షెడ్డు గోడకు ఆనుకున్న అంగీలు, అన్నీ ఆమె గుమ్మానికే వచ్చేవి. ఆమె పగలే ఉతికేది, వెలుతురు కావాలి కాబట్టి. పగలు రాయమల్లు నైట్ డ్యూటీ చేసొచ్చి తలుపు వేసుకొని నిద్రపోయేవాడు. పగటి డ్యూటీ అయితే ఇంట్లోనే ఉండేవాడు కాదు. భర్తతో బట్టల ఉతుకుడు గురించి మాట్లాడే అలవాటు ఏ ఆడదానికి ఉంటుంది? ఏం కూర అని అడుగుతారు గానీ ఏం మరక అని ఏ మగవాడూ అడగడు.

ఎనభై ఎనిమిదిలో కళావతి పదో తరగతి పూర్తయింది. ఇక ఆ నీలం లంగా, తెల్ల ఓణీ కట్టుకునే పని ఉండదు. చివరిసారిగా అవి కట్టుకొని అమ్మాబాపులతో ఫోటో దిగుతానని పిల్ల పట్టుబట్టింది. సరేనని ముగ్గురూ బస్సెక్కి మట్టెవాడకు పోయారు. అక్కడ సారంగపాణి అనే ఆయన ఫోటో స్టూడియో ఉంది. గోడకు పూలతోట బొమ్మ వేసిన తెర, తెర ముందు రెండు కుర్చీలు, అటూ ఇటూ మొహం మాడ్చే లైట్లు.

రాయమల్లు పొద్దుటి నుంచి చేతులు రుద్దుకుంటూనే ఉన్నాడు. రంపపు పొట్టు అయింది, ఇటుక పొడి అయింది. తోలు ఎర్రగా కందింది గానీ గీతల్లో నలుపు అలాగే ఉంది. తెల్లచొక్కా వేసుకొని, స్టూడియోలో చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డాడు.

సారంగపాణి చిలుకమ్మను కుర్చీలో కూచోబెట్టాడు. నడుమ కళావతిని నిలబెట్టాడు. నల్లగుడ్డలో తలదూర్చి, మళ్ళీ బయటికి తీసి, "అన్నా, గట్ల సిపాయి లెక్క నిలవడకు. జర బిడ్డ భుజం మీద చెయ్యెయ్యి" అన్నాడు.

"వద్దు సారు. తెల్లబట్ట" అన్నాడు రాయమల్లు.

"తెల్లబట్టయితే ఏంది? నీ బిడ్డనే గదా!"

రాయమల్లు కదల్లేదు. లైట్లు వేడెక్కుతున్నాయి. కళావతి నవ్వుదామని చూసి, నవ్వలేక తల దించుకుంది. ఇక చిలుకమ్మ వల్ల కాలేదు. కుర్చీలోంచే తిరిగి అందుకుంది.

"ఏమయ్యా, గీడ గూడ నువ్వు గంతేనా? నీ బిడ్డకు నీ చెయ్యి బరువైతదా?"

ఆయన ఆమెను చూడలేదు. నేలను చూస్తూ, బయట ఎవరికో చెబుతున్నట్టు చిన్నగా అన్నాడు.

"ఒక్క అంగి ఖరాబు చేసింది సాలదానే? అందరు నవ్విండ్రు పిల్లను. నీ చేతులు పుండ్లయినయ్. అయినా అది పోలే. మసిగుడ్డ చేసినవు. రోజు అన్నం తినుకుంట ఆ గుడ్డ మీద నా ఏళ్ళే చూసుకున్న గదా."

చిలుకమ్మకు ముందు అర్థం కాలేదు. ఏ అంగి, ఏ మసిగుడ్డ? తర్వాత వంటింటి మేకు గుర్తొచ్చింది. మేకుకు ఎదురుగా పీట గుర్తొచ్చింది. పీట మీద తల వంచుకొని అన్నం తినే మనిషి గుర్తొచ్చాడు. ఊరందరి పిల్లల మరకలూ తీసిన చిలుకమ్మ, తన ఇంట్లో మనిషికి మరక పోతుందన్న ఒక్క మాట చెప్పలేదు. బిడ్డకు చెప్పింది గానీ ఆయనకు చెప్పలేదు. ఆయనకు తెలిసిన గ్రీజు మరకలు రెండే. తన షెడ్డు బట్టల మీదివి, అవి ఏనాడూ పోలేదు. ఆ మసిగుడ్డ మీదిది, అదీ పోలేదు.

ఆమె కుర్చీలోంచి లేచింది. "ఫోటో ఇయ్యాల వద్దు సారు. రేపొస్తం" అంది.

"ఏందమ్మా, లైట్లన్ని ఏసినంక!" అని సారంగపాణి విసుక్కున్నాడు. ఆమె వినిపించుకోలేదు. బస్సులో చిలుకమ్మ మాట్లాడకుండా కూచోవడం చూసి కళావతి భయపడి, "అమ్మా, పానం బాగలేదా?" అని కూడా అడిగింది.

మర్నాడు పొద్దున రాయమల్లు నైట్ డ్యూటీ దిగి వచ్చేసరికి చిలుకమ్మ నల్లా దగ్గర బండ కడిగి, తుడిచి, ఆరబెట్టి ఉంచింది. బండ మీద కూతురి తెల్ల ఓణీ పరిచి ఉంది. పక్కన ముగ్గుపిండి, గరిటె, కిరోసిన్ సీసా, పాతగుడ్డలు, కుంకుడు పులుసు, అన్నీ సర్ది ఉన్నాయి.

"షెడ్డుల చేతులు కడిగినవా?"

"లేదు. ఇంటికొచ్చి కడుగుకుందమని."

"మంచిగయింది. గీడ పెట్టు చెయ్యి."

రాయమల్లు ఓణీని చూశాడు, ఆమెను చూశాడు. "నీకేమన్న పిచ్చి లేసిందా?" అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఆమెను అంత మాట అనడం అదే మొదటిసారి.

"లేసింది. పెట్టు."

ఆయన చూపుడు వేలు ఒక్కటి తాకించి తీసేశాడు. "మొత్తం పెట్టు, భయమేంది" అని ఆమె ఆయన మణికట్టు పట్టుకొని అరచెయ్యి మొత్తం ఓణీ మీద అదిమింది. ఐదు వేళ్ళు పడ్డాయి, వంకర చిటికెన వేలుతో సహా. గుమ్మంలోంచి చూస్తున్న కళావతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇగ ఆ బకెట్ బోర్లేసుకొని గీడ కూసో. నిద్రపోయినవో చూడు మరి!"

ఆమె ముగ్గుపిండి చల్లింది. అది జిడ్డు తాగేదాకా ఆయనకు చాయ్ పోసింది. గరిటెతో గీకింది, దులిపింది. కిరోసిన్ అద్దడం మొదలుపెట్టింది, అంచుల నుంచి నడుమకు. అడుగు గుడ్డ మీదికి నలుపు దిగినప్పుడల్లా ఎత్తి ఆయనకు చూపించింది. రాత్రంతా డ్యూటీ చేసిన కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కానీ ఆయన రెప్ప వెయ్యలేదు. ముందుకు వంగి, ఎంజన్ లోపల పని చూసినట్టు చూశాడు. బొటనవేలు మాయమైంది. తర్వాత చూపుడు వేలు. కుంకుడు పులుసుకు మిగతావి మసకబారాయి. సబ్బుకు అవీ పోయాయి. ఆఖరికి నిమ్మ తొక్కల నీళ్ళలో జాడించి, పిండి, తీగ మీద ఆరేసింది.

రాయమల్లు పడుకోవడానికి పోలేదు. ఎండలో నిలబడి ఓణీ ఆరేదాకా చూశాడు. తర్వాత చేతులు శుభ్రంగా కడుక్కొని, తుడుచుకొని, మళ్ళీ తుడుచుకొని, ఓణీని అంచు పట్టుకొని వెలుతురుకు ఎత్తి చూశాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"ఏడుండె?" అన్నాడు.

"నువ్వే చెప్పు ఏడుండెనో."

"మరి ఆ అంగి?"

చిలుకమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. "అది నేను ఉడకబెట్టిన. చౌడుల ఏసి ఉడకబెడితే కూసుండిపోయింది. తెలివి లేక చేసిన. నీ చెయ్యి పడ్డది పోయేదేనయ్యా. నేనే పోనియ్యలే."

ఆయన ఓణీని జాగ్రత్తగా మడత పెట్టాడు, మడత సరిగా రాలేదు, మళ్ళీ విప్పి పెట్టాడు.

"పదేండ్లాయె గదనే" అన్నాడు చివరికి.

ఆ మాటకు చిలుకమ్మ బండ మీద కూలబడి భోరుమంది. ఎవరు చూస్తున్నారో, ఎవరు వింటున్నారో ఆమెకు పట్టలేదు. మొగిలమ్మ తలుపు తీసి చూసి, ఏమనుకుందో ఏమో, చప్పుడు చేయకుండా మళ్ళీ మూసుకుంది.

మధ్యాహ్నం ఎండ చల్లబడ్డాక ముగ్గురూ మళ్ళీ మట్టెవాడకు పోయారు. ఇటుక పొడి జోలికి ఎవరూ పోలేదు. సారంగపాణి ఈసారి ఏమీ చెప్పలేదు, అప్పటికే ఆయనకు వీళ్ళతో విసుగు పుట్టి ఉంది. లైట్లు వేశాడు, నల్లగుడ్డలో తల దూర్చాడు. రాయమల్లు తనంతట తనే చెయ్యెత్తి కూతురి భుజం మీద వేశాడు. వేసి, ఎక్కడ ఆగాలో తెలియనట్టు కొంచెం గట్టిగానే పట్టుకున్నాడు. లైట్ల వేడికి ఆ అరచేతికి చెమటలు పట్టాయి. కళావతి ఆ చేతి వైపు తల వంచింది.

"అమ్మా కదలకు, కదలకు" అని అరిచాడు సారంగపాణి. అయినా ఆ పిల్ల తల నిటారుగా పెట్టనే లేదు. ఫోటో అలాగే వచ్చింది.

ఫోటో తీసుకోవడానికి చిలుకమ్మ ఒక్కతే పోయింది. సారంగపాణి కవర్‌లోంచి తీసి, బల్ల మీద పెట్టి, కొంచెం మొహమాటంగా తల గోక్కుంటూ చూపించాడు. "అమ్మా, ఫోటో మంచిగనే ఒచ్చింది గని, గిదిగో, ఓణీ మీద వేళ్ళ పక్కన జర నల్లగ పడ్డది. చెయ్యి జరిగినట్టుంది. నెగెటివ్ మీద పెన్సిల్‌తోని దిద్దితే పోతది. మల్ల ఒకటి కడిగిస్త. మరక ఉన్నట్టు కూడ తెల్వది."

చిలుకమ్మ ఫోటోను చేతిలోకి తీసుకొని కిటికీ వెలుతురుకు పెట్టి చూసింది, బట్టను చూసినట్టే. చిన్న మరక. చిటికెన వేలిది.

"ఓణీ మీదిది నేను ఆనాడే తీసిన సారు" అంది. "గిది ఉండనియ్యి."